ఐపీ పెడితే అప్పు పోతుందా?

'ఫలానా ఆయన ఐపీ పెట్టాడట!' ఈ మాట చెవిన పడితే చాలు, చీటీలు కట్టినవాళ్ల గుండె గుభేలుమంటుంది. జనం నోట ఐపీ అంటే ఎగవేతే. నిజానికది ఇన్సాల్వెన్సీ పిటిషన్. 'నా దగ్గరున్నది ఇంతే, అందరికీ పంచండి' అంటూ అప్పు తీర్చలేని మనిషి కోర్టుకు పెట్టుకునే అర్జీ. పాతబస్తీ వాసులు అందుకు దూరం వెళ్లక్కర్లేదు. సిటీ సివిల్ కోర్టు పురానీ హవేలీలోనే ఉంది.

లాడ్‌బజార్ వెనక గల్లీల్లో లక్క గాజులు చేసేవాళ్లకు రంజాన్‌కీ, పెళ్లిళ్లకీ చేతినిండా పని. తర్వాత ఖాళీ. మధ్యలో ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే వడ్డీకి తేవాల్సిందే. మరి అలాంటి ఇంటి సంపాదనను చట్టం ఎలా చూస్తుంది?

జీతంలో ఎంత ముట్టుకోవచ్చు?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఇక్కడ ముఖ్యం. కూలీల, ఇంటి పనివారి వేతనాన్ని కోర్టు జప్తు చేయకూడదు. పని నేర్చిన కార్మికులూ ఈ లెక్కలోకే వస్తారు. చేతివృత్తివారి పనిముట్లు, వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు కూడా అంతే.

నెల జీతగాళ్ల సంగతి వేరు. మామూలు అప్పుకైతే మొదటి 1,000 రూపాయలూ, మిగిలిన దాంట్లో మూడింట రెండొంతులూ ముట్టుకోకూడదు. జీతం 25,000 అనుకోండి. 1,000 తీస్తే 24,000. అందులో 16,000 మీవే. జప్తు కాగలిగేది 8,000. అదీ ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి కుదరదు.

ఐపీకి అర్హత ఏమిటి?

ఇప్పటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. అప్పులు 500 రూపాయలకు చేరితే అర్జీ పెట్టుకోవచ్చు. తీర్చే స్థోమత లేదని చూపాలి. దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు లేదా రిసీవర్ చేతికి వెళ్తుంది. జప్తుకు రానివి మాత్రం మీకే ఉంటాయి. అరెస్టు నుంచి రక్షణ కూడా కోరవచ్చు. చివర్లో డిశ్చార్జి ఉత్తర్వు వస్తేనే విముక్తి. ప్రభుత్వ బాకీ, మోసంతో చేసిన అప్పు, మనోవర్తి అప్పటికీ పోవు.

ముందే ఇల్లు బావమరిది పేర రాసేసి ఐపీ పెడదామనుకుంటే పొరపాటు. రాసిన రెండేళ్లలోపు ఐపీ పడితే ఆ బదిలీ రద్దు కావచ్చు. ఆస్తి దాస్తే జైలు కూడా ఉంది. డిశ్చార్జి కాని మనిషి తన సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా నేరమే!

60 వేల గీత

2016 దివాలా కోడ్‌లో పేదవాడి కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అని ఒక దారి పెట్టారు. ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 మించకూడదు. సొంత ఇల్లు ఉండకూడదు. రోజుకు 250 చొప్పున 300 రోజులు పనిచేస్తే ఆదాయం 75,000. గీత దాటిపోయింది! అంటే కూలీ చేసుకునేవాడు కూడా ఈ లెక్కలో 'ఉన్నవాడే'. ఆ గీత కిందున్నవారికైనా ఉపయోగం లేదు, వ్యక్తులకు సంబంధించిన ఆ భాగం అమల్లోకి రాలేదు. 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఇచ్చిన వ్యక్తులకు మాత్రమే వర్తింపజేశారు.

అమెరికాలో 2005 సవరణ తర్వాత ఇంటి ఆదాయాన్ని ఆ రాష్ట్రంలో అంతమందే ఉన్న కుటుంబాల మధ్యస్థ ఆదాయంతో పోలుస్తారు. ఎక్కువుంటే ఖర్చులు తీసి, మిగులు కనిపిస్తే 3 నుంచి 5 ఏళ్లు వాయిదాల్లో కట్టమంటారు. అక్కడ కొలత కుటుంబాన్ని బట్టి మారుతుంది. మన కోడ్‌లో ఇంట్లో ఇద్దరున్నా ఎనిమిదిమంది ఉన్నా గీత ఒక్కటే.

సంతకం ముందు ఆలోచించండి

భర్త చేసిన అప్పుకు భార్య కుట్టుపని డబ్బులు బాధ్యత కావు, ఆమె కూడా సంతకం పెడితే తప్ప. హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రం అసలు మనిషి దివాలా తీసినా విడుదల లేదు. స్నేహం కొద్దీ పెట్టిన సంతకాలే రెండిళ్లను ముంచుతున్నాయి.

ఇంకో మాట. చేతిలో డబ్బులేక కట్టలేకపోవడం నేరం కాదు. దురుద్దేశం లేనివాణ్ని అప్పు కోసం జైల్లో పెట్టరాదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. 'రేపే జైలు' అని బెదిరిస్తే హడలిపోయి మరోచోట పదిరూపాయల వడ్డీకి తేకండి. ముందు అప్పులూ ఆదాయమూ ఒక కాగితం మీద రాసుకోండి. దాన్ని పట్టుకుని పురానీ హవేలీలోని న్యాయసేవల సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయసాయం అందుతుంది.