వీరంగానికీ వ్యాకరణముంది



హైదరాబాదులోని ‘చౌరస్తా’ అనే తెలుగు బ్యాండు కచేరీని మొన్న మా మనవడు నాకు చూపించాడు. గిటార్లు, డ్రమ్ముల హోరు. ముందు వరుసలో ఎగురుతున్న యువజనం. “ఏమిట్రా ఈ వీరంగం?” అని కసిరాను. కసిరిన పిదప ఆ మాటే నన్ను నిలవేసింది.

వీరంగమన్నది తిట్టు ఎప్పుడయింది? మా మండపేటకు చేరువనున్న ద్రాక్షారామంలో వీరనాట్యం వీరభద్రుని ఆరాధన. దక్షయజ్ఞ ధ్వంసం దాని కథ. వీరణాలు మ్రోగుతుండగా శూలాలు పట్టి ఆడే ఆ ఆటకంటె ఉద్ధతమైనది ఏ బ్యాండు ఆడగలదు? అయినా నడుమ వాద్యమాపి ఖడ్గం చదువుతారు. అప్పుడు ప్రతి అక్షరమూ వినబడుతుంది. ఆ ఆవేశానికి అదే వ్యాకరణం.

1976 ప్రాంతంలో ఇంగ్లండులో పంక్ సంగీతం తలయెత్తినపుడు అక్కడి పెద్దలు చెవులు మూసుకున్నారు. నేనూ ఆ పొరపాటే చేయబోయాను. ‘ఊరెళ్ళిపోతా మామ’ మరల విన్నాను. లయ పరదేశిదైనా పలుకుబడి మనది, మాట నలగలేదు. 2020లో కరోనా వేళ వారి ‘చేతులెత్తి మొక్కుతా’ జనంలోకి వెళ్ళిందన్నా, ఒకప్పుడు వారిలో ఉన్న రామ్ మిర్యాల 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంలో ‘చిట్టి’ పాడి పేరొందాడన్నా, మాట తెలియబట్టే. జానుతెనుగును నెత్తిన పెట్టుకొన్న పాల్కురికి సోమన వింటే కాదనేవాడా?

ఊరేగింపుల్లో డీజే పెట్టెలు మ్రోగితే గుండెలదురుతాయి, పాట మాత్రం తెలియదు. నా తగవు దానితోనే గాని, ఎగిరే పిల్లలతో కాదు. వారిని కసరకండి, ఏ పాటకు ఎగురుతున్నారో అడగండి. మా మనవడు మూడు చరణాలూ తడుముకోకుండా అప్పజెప్పాడు. తరగతిలో పద్యం అప్పజెప్పమంటే నా శిష్యులెందరు అలా చెప్పారు?