పానా మంచిదే, మరి బాకీ?

పోయిన ఆయుధ పూజ రోజు మా తెక్కలకోట షెడ్డులో పానాలన్నీ డీజిల్‌తో కడిగి, తుడిచి, గోనె పట్టా మీద వరసగా పేర్చి బొట్లు పెట్టాం. ట్రాక్టర్లకు బూడిద గుమ్మడికాయ తిప్పి కొట్టి, అందరం మరమరాలు, బెల్లం తింటూ కూర్చున్నాం. అప్పుడే అమెరికా నుంచి ఫోను వచ్చింది. మా బాబాయి మనవడు, మాకు కొడుకు వరస. మన పిల్లలంతా సాఫ్ట్‌వేర్‌కు పోతే, వీడు మాత్రం తాత చేతి పని ఇష్టపడి అక్కడ కమ్యూనిటీ కాలేజీలో ఆటోమొబైల్ కోర్సు చదివి, కార్ల వర్క్‌షాపులో చేరాడు. వీడియోలో తన పనిముట్ల పెట్టె చూపించాడు. ఎర్రటి పెట్టె, ఛాతీ ఎత్తు, ఇంట్లో బీరువా అంత ఉంది. సొరుగు లాగితే నూనె రాసినట్టు జారుతోంది. షెడ్డులో ఉన్న కుర్రాళ్ళు నోరు తెరుచుకుని చూశారు.

మా పెద్ద మేస్త్రీ ఒక్కడే అడిగాడు: "బాగుంది నాయనా. ఇంకా ఎంత కట్టాలి?"

వాడు కాసేపు ఆగి చెప్పాడు. పెట్టె, అందులోని సామాను కలిపి ఆరు వేల డాలర్ల పైన బాకీ. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఏ కంపెనీ సామాను అన్నది మేము ఇక్కడ చెప్పబోవడం లేదు. ఏ కంపెనీ అయినా పద్ధతి ఒకటే. ఆ పద్ధతి గురించే ఈసారి నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

అమెరికాలో చాలా వర్క్‌షాపుల్లో చేతి పనిముట్లు యజమానివి కావు, మెకానిక్‌వి. లిఫ్టు, కంప్రెసరు లాంటి పెద్దవి షాపు పెడుతుంది. పానాలు, సాకెట్లు, రాట్చెట్లు, చివరికి వాటిని పెట్టుకునే పెట్టె కూడా పనివాడే కొనుక్కోవాలి. అవి అమ్మడానికి పెద్ద వ్యాను వర్క్‌షాపు గుమ్మం ముందుకే వస్తుంది. లోపల రెండు పక్కలా అరలు, అరల నిండా మెరిసే సామాను. వారానికి ఒకసారి, అదే రోజు, దాదాపు అదే గంటకు వస్తుంది. మెకానిక్ చేతులు తుడుచుకుని వ్యాను ఎక్కుతాడు, కావలసింది తీసుకుంటాడు, ఈ వారం కంతు కట్టి దిగుతాడు.

ఈ వ్యాపారంలో ముఖ్యంగా నాలుగు పేర్లు వినబడతాయి. స్నాప్-ఆన్ 1920లో మిల్వాకీలో మొదలైంది. అప్పట్లో ప్రతి సాకెట్‌కూ దాని పిడి దానికే అతికి ఉండేది. పది సాకెట్లు, ఐదు పిడులు విడివిడిగా ఇచ్చి, ఏది దేనికైనా తగిలించుకోవచ్చు అన్నదే వాళ్ళ మొదటి సరుకు. కార్న్‌వెల్ అంతకంటే ఒక ఏడాది పాతది, 1919. మ్యాక్ టూల్స్ 1938లో వచ్చింది. నాలుగోది మాట్కో. స్నాప్-ఆన్ విస్కాన్సిన్‌ది, మిగతా మూడూ ఒహాయో రాష్ట్రానివే. వ్యాను నడిపే మనిషి చాలావరకు కంపెనీ ఉద్యోగి కాదు, ఫ్రాంచైజీ తీసుకున్నవాడు. వ్యానూ, అందులోని సరుకూ అతని పెట్టుబడే, చాలాసార్లు అదీ అప్పు మీదే.

ఒకే వర్క్‌షాపుకు సోమవారం ఒక కంపెనీ వ్యాను, బుధవారం ఇంకొకటి వచ్చే చోట్లు ఉన్నాయి. మరి ఎవరి దగ్గర కొనాలి? ఉక్కు నాణ్యతలో పోటీ ఉంది, కాదనడం లేదు. మంచి సాకెట్ నట్టు మూలల మీద కాకుండా పక్కల మీద పట్టు పడుతుంది. అందుకే మూలలు అరగవు, తుప్పు పట్టిన నట్టు కూడా గుండ్రం కాకుండా ఊడుతుంది. అయితే మెకానిక్‌లు ఒకరితో ఒకరు చెప్పుకునే మాట వేరు. రాట్చెట్ విరిగితే ఎన్ని ప్రశ్నలు అడక్కుండా మార్చి ఇచ్చేది ఎవరు? చెప్పిన రోజుకు తప్పకుండా వచ్చేది ఎవరు? ఈ వారం డబ్బు లేదంటే సరే అనేది ఎవరు? బ్రాండు పేరు కంటే ఆ మనిషే ముఖ్యం. మంచివాడు వ్యాను ఆపేసి వెళ్ళిపోతే, ఖాతాదారులు పక్క కంపెనీకి మారిపోతారు.

అంటే ఈ కంపెనీలు పోటీ పడుతున్నది పానా మీద అనుకుంటే మనం సగమే చూసినట్టు. అసలు పోటీ మెకానిక్ వారం జీతంలో తమ వాటా కోసం. విద్యార్థిగా ఉన్నప్పుడే బాగా తగ్గించిన ధరకు సెట్టు ఇస్తారు, చేతికి అలవాటు పడుతుంది. ఉద్యోగం రాగానే వ్యాను వాడి పుస్తకంలో పేరు ఎక్కుతుంది. చిన్న సామానుకు వడ్డీ ఉండదు, వారం వారం ఇంత అని కడితే చాలు. పెట్టె, స్కానరు లాంటి పెద్ద సామానుకు వచ్చేసరికి కంపెనీ సొంత ఫైనాన్సు ముందుకొస్తుంది, అక్కడ వడ్డీ ఉంటుంది. చిన్నదానికి వడ్డీ లేదన్నారు కదా అని సంతోషించక్కర్లేదు. గుమ్మం దాకా వచ్చే ఖర్చు, మార్చి ఇచ్చే ఖర్చు, ఎగవేతల నష్టం అన్నీ ఆ ధరలోనే కలిసి ఉంటాయి.

ఇది చదువుతుంటే మన పెద్దవాళ్ళకు దలాలీ అంగడి గుర్తుకు రావాలి. 1953లో తుంగభద్ర డ్యాము నీళ్ళు వదిలాక, కోస్తా జిల్లాల నుంచి మనవాళ్ళు ఎడ్లబండ్లు, వంట సామాను, కాస్త డబ్బు పట్టుకుని ఈ కాలువల కిందికి వచ్చి క్యాంపులు వేసుకున్నారు. విత్తనం, ఎరువు, మందు, ఇంటి ఖర్చు అన్నీ దలాలీ అంగడి ఖాతాలోనే. మనం అరువు అన్నాం, ఇక్కడివాళ్ళు ఉద్రి అన్నారు, రెండూ ఒకటే. అంగడి ఆయన మంచివాడే. పెళ్ళికి పిలిస్తే వచ్చాడు, పిల్లాడికి జ్వరం వస్తే రాత్రి పూట డబ్బు ఇచ్చాడు. కానీ సుగ్గి రోజుల్లో వడ్లు ఎవరికి అమ్మాలో మనం తేల్చుకునే వీలు లేకపోయింది. బాకీ ఉన్న అంగడికే పోవాలి, వాళ్ళు చెప్పిన ధరకే ఇవ్వాలి. మా తాతయ్య ఆ ఖాతా మూయడానికి పదకొండు సుగ్గులు పట్టింది.

అందుకే మా షెడ్డులో ఆయన ఒక నియమం పెట్టాడు. ఆయుధ పూజకు బాకీ ఉన్న పానాకు బొట్టు పెట్టకూడదు. వినడానికి చాదస్తంలా ఉంటుంది. కానీ దాని వల్ల ఏటా ఒకసారి అయినా, ఏది మనది, ఏది కాదు అని లెక్క చూసుకునేవాళ్ళం.

మన దగ్గర సంగతి వేరు కదా, ఇక్కడ అలాంటి వ్యాన్లే లేవు అనవచ్చు. నిజమే. ఇక్కడ అంగడి మెకానిక్ దగ్గరికి రాదు, మెకానికే బండి దగ్గరికి పోతాడు. కోత మిషను వరి మడి మధ్యలో ఆగిపోతే, గోనె సంచిలో పానాలు వేసుకుని బైకు మీద గట్టు వెంట పోవాలి. పనిముట్లు కావాలంటే బళ్ళారిలోనో ఆదోనిలోనో హార్డ్‌వేర్ అంగడికి వెళ్ళాలి. ఎక్కువగా నాసిక్ తపారియా, లేకపోతే జలంధర్, లూధియానాలలో తయారైన సామాను. ఒకప్పుడు మాకు రెండు సెట్లు కావలసి వచ్చేవి. మాస్సీ ఫెర్గూసన్, మహీంద్రా వాళ్ళ పాత ఇంటర్నేషనల్ బి-275కు అంగుళాల పానాలు. హెచ్‌ఎంటీ జీటర్‌కు మిల్లీమీటర్ల పానాలు. ఏదో ఒక సెట్టుతో సరిపెట్టుకుందామని చూస్తే నట్టు మూలలు పోయేవి, రైతు నోట మాటలు పడేవి.

ఇక్కడ పానాలు చాలా షెడ్లలో యజమానివే. అది మంచిదే అనుకుంటాం. కానీ అందులోనూ ఒక అన్యాయం ఉంది. 12-13 పానా ఒకటి కనిపించకపోతే కుర్రాడి జీతంలో కోస్తారు. పదేళ్ళు పని చేసి బయటికి పోయేవాడికి చేతిలో పని ఉంటుంది, పానా ఉండదు. సొంతంగా షెడ్డు పెట్టుకోవాలంటే మళ్ళీ అప్పే. అంటే అమెరికాలో కుర్రాడు మొదటి రోజున అప్పు చేస్తాడు, మన కుర్రాడు పదో ఏట చేస్తాడు. తేడా అంతే.

వ్యాను పద్ధతిని పూర్తిగా తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అక్కడ చాలామంది మెకానిక్‌లకు గంటల జీతం కాదు, చేసిన పని లెక్కన జీతం. రెండు గంటల పనిగా లెక్క కట్టిన దాన్ని గంటలో ముగిస్తే మిగిలిన గంట వాడిదే. అలాంటప్పుడు మంచి పనిముట్టు ఖర్చు కాదు, సంపాదన. చేతి పానా విరిగితే గుమ్మం దగ్గరే కొత్తది ఇచ్చే వారంటీ ఎంత సుఖమో, కోతల రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి సాకెట్ పగిలి, పంజాబ్ కోత మిషను వాళ్ళను బతిమాలి అడిగి తెచ్చుకున్న మాకు బాగా తెలుసు. అలాంటి బండి ఒకటి సిరుగుప్ప రోడ్డు మీద వారానికి ఒకసారి వస్తే మేమే ముందు ఎక్కుతాం. కానీ నగదు పట్టుకుని ఎక్కుతాం.

ఎందుకంటే వారం వారం కట్టే కంతు, వారం వారం జీతం వచ్చేవాడికి సరిపోతుందేమో. ఇక్కడ మెకానిక్‌కు రైతే బాకీ ఉంటాడు. సుగ్గి అయ్యాక ఇస్తానంటాడు. 2024 ఆగస్టులో డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, ఈ కాలువ కింద ఉన్న ఊళ్ళన్నీ ఆ ఏడు పంట ఉంటుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూశాయి. రైతుకు పంట లేకపోతే మెకానిక్‌కు వసూలు లేదు. అలాంటి చోట వారం కంతులు మొదలైతే ముందు కూలేది మెకానికే.

ఇది కేవలం కుర్రాడి దుబారా అని మాట్లాడటం కూడా మాకు నచ్చదు. పని చేయించుకునేది షాపు, లాభం షాపుది, పనిముట్ల అప్పు మాత్రం పనివాడిది. ఈ బరువును చట్టం గుర్తించిన చోటు ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో, కనీస వేతనానికి కనీసం రెండింతలు ఇస్తేనే, ఆ వృత్తిలో మామూలుగా వాడే చేతి పనిముట్లు సొంతంగా తెచ్చుకోమని పనివాణ్ణి అడగవచ్చు. ఇవ్వకపోతే యజమానే కొనిపెట్టాలి. ఇది న్యాయమైన నియమం అనిపించింది. మన పిల్లలు ఎవరైనా అక్కడ ఈ పనిలో చేరితే, జీతం మాట్లాడుకునే రోజునే పనిముట్ల మాట కూడా అడగాలి.

మా వాడికి మేము చెప్పింది ఇదీ. కొత్త సామాను ఆపు. పెట్టెకు పని చేయదు, చేతిలో పానాకు పని చేస్తుంది. రోజూ వాడేవి ఏవో ఒక నెల రాసుకో. వారంలో మూడుసార్లు చేతికి వచ్చేవి మంచివి కొను. మిగతావి మామూలు అంగట్లో చవకైనవి చాలు, అవి విరిగేంత వాడినప్పుడు మంచివి కొందువుగాని. వ్యాను మనిషితో మర్యాదగా ఉండు, అతనికీ అప్పు ఉంది. కానీ కంతు కట్టిన రోజున మళ్ళీ కొత్తది తీసుకోవద్దు. ఖాతా తగ్గాలంటే దారి అదొక్కటే.

మా షెడ్డు సంగతి కూడా మార్చుకున్నాం. టార్క్ రెంచి, స్కానరు, పుల్లర్లు షెడ్డువే. పోయిన పానాకు జీతం కోయడం మానేశాం. ప్రతి దసరాకు ఒక్కో కుర్రాడికి చీర, పంచె పెట్టినట్టే, ఒక మంచి పానా కొని వాడి పేరు చెక్కించి ఇస్తున్నాం. షెడ్డు వదిలి వెళ్ళే రోజున అవి వాడితో పోతాయి. దీనికి మాకు అయ్యే ఖర్చు ఒక టైరు పంక్చర్ల ఖర్చు కంటే పెద్దదేమీ కాదు.

మన కుటుంబాలు దేశం బయట ఉన్నా, బెంగళూరులో ఉన్నా, ఈ క్యాంపుల్లోనే ఉన్నా, పెళ్ళికి బంగారం పెడతాం, గృహప్రవేశానికి వెండి గిన్నె ఇస్తాం. చేతి పనిలోకి దిగే పిల్లవాడికి మాత్రం భుజం తట్టి పంపిస్తాం. వాడి మొదటి పనిముట్ల సెట్టు ఇంటివాళ్ళు తలా కాస్త వేసుకుని కొనిపెడితే, మొదటి ఏడు వ్యాను వాడి పుస్తకంలో పేరు ఎక్కదు. మేము ఆ రోజు సాయంత్రమే చిట్టా రాశాం. బాబాయి, పిన్ని, ముగ్గురు అత్తయ్యలు, మేము. వాడి బాకీలో వడ్డీ ఉన్న భాగం ముందు తీర్చేశాం. మిగతాది వాడే కట్టుకుంటానన్నాడు.

వచ్చే దసరాకు వాడు మళ్ళీ వీడియో చూపిస్తానన్నాడు. పెద్ద మేస్త్రీ అప్పుడే చెప్పేశాడు, బొట్టు పెట్టేటప్పుడు బాకీ లేని పానాలు ఎన్ని అయ్యాయో లెక్క చెప్పమని.