అన్నం అడగడానికి నామోషీ ఎందుకు?



ఈసారి సంపాదకీయం హైదరాబాద్ రాజకీయాల మీద కాదు, అమరావతి మీద కాదు. మన పక్క అపార్ట్‌మెంట్‌లో జరుగుతున్న విషయం మీద.

కిందటి నెల ఒక రాత్రి ఫోన్ వచ్చింది. టెక్సాస్‌లో ఎం.ఎస్. చేస్తున్న కుర్రాడు. మన సభ్యుడొకరు నంబరిచ్చారట. పావుగంట సేపు ఎన్నికల గురించి, మన ఫోరం గురించి మాట్లాడాడు. చివర్లో "అన్నా, ఒక రెండు వారాలు గడిస్తే చాలు..." అని ఆగిపోయాడు. క్యాంపస్‌లో చేస్తున్న పని పోయింది. అద్దె కట్టాక చేతిలో మిగిలింది నలభై డాలర్లు. రూమ్మేట్లకు చెప్పుకోలేడు. ఇంటికి అసలే చెప్పలేడు, అక్కడ నాన్న పొలం మీద తెచ్చిన అప్పుకు వడ్డీ కడుతున్నాడు. రోజుకి ఒక పూట తింటున్నాడు.

అతని యూనివర్సిటీలోనే ఫుడ్ ప్యాంట్రీ ఉంది. స్టూడెంట్ ఐ.డి. చూపిస్తే సరుకులు ఇస్తారు. రోజూ దాని ముందు నుంచే క్లాసుకి వెళ్తాడు. మరి ఎందుకు వెళ్ళలేదు అంటే, "రికార్డుల్లోకి ఎక్కుతుందేమో, రేపు వీసాకి ఇబ్బంది అవుతుందేమో అన్నా" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "మనవాళ్ళు ఎవరైనా చూస్తే?"

మొదటి భయానికి జవాబు నిబంధనల్లో ఉంది. రెండో భయానికి జవాబు చెప్పాల్సింది మనం.

ముందు నిబంధనల సంగతి చూద్దాం. ఎఫ్-1, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి స్నాప్ (2008 దాకా ఫుడ్ స్టాంప్స్ అనేవాళ్ళు) రాదు. 1996 నాటి సంక్షేమ చట్టం నుంచీ ఇంతే. కాబట్టి తమ పేరు మీద దానికి అప్లై చేయకూడదు. కానీ ఫుడ్ ప్యాంట్రీ వేరు. చర్చీలు, స్వచ్ఛంద సంస్థలు, కాలేజీలు నడిపేవి అవి. చాలా చోట్ల పేరు, జిప్ కోడ్, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఆదాయం ఎంత అని అడుగుతారు. ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగరు. గ్రీన్‌కార్డు సమయంలో చూసే 'పబ్లిక్ చార్జ్' విషయంలో 1999, 2019, 2022లలో మూడు రకాల నిబంధనలు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ చర్చి ప్యాంట్రీలో తీసుకున్న బియ్యం సంచిని లెక్కలోకి తీసుకోలేదు. బడిలో పిల్లలు తినే భోజనాన్నీ, గర్భిణులకూ ఐదేళ్ళ లోపు పిల్లలకూ ఆహారం ఇచ్చే విక్ పథకాన్నీ కూడా లెక్కలోకి తీసుకోలేదు. అయితే 2022 నిబంధనను తీసేయాలని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. అందుకని ప్రభుత్వ పథకం దేనికైనా, ఇక్కడ పుట్టిన మీ పిల్లల పేరు మీద అయినా సరే, అప్లై చేసే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. అంతేకానీ వాట్సాప్‌లో ఎవరో అన్నారని పస్తు ఉండకండి.

ఇక సాయం ఎక్కడ దొరుకుతుంది? ఫోన్‌లో 211 నొక్కండి. అత్యవసరానికి 911 ఎలాగో, ఇలాంటి అవసరాలకి 211 అలాగ. 2000లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ నంబరుని ఇందుకోసమే కేటాయించింది. జిప్ కోడ్ చెప్తే దగ్గర్లో ఉన్న ప్యాంట్రీ ఏ రోజు, ఏ వేళల్లో తెరుస్తారో చెప్తారు. అద్దె, కరెంటు బిల్లు, డాక్టరు ఖర్చుల విషయంలో ఎవరిని అడగాలో కూడా చెప్తారు. సాల్వేషన్ ఆర్మీ, కాథలిక్ చారిటీస్, సెయింట్ విన్సెంట్ డి పాల్ లాంటి సంస్థలు మీ మతం ఏమిటని చూడవు. గురుద్వారాలో లంగరు ఎవరికైనా ఉంటుంది, తల మీద గుడ్డ కప్పుకుని వెళ్ళి పంక్తిలో కూర్చోవడమే. ఇవన్నీ నాకు ముందే తెలుసని చెప్పను. ఆ కుర్రాడి ఫోన్ వచ్చాక ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసినవే. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ 211 అనే నంబరు ఉందని తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది.

ఇప్పుడు రెండో భయం. "మనవాళ్ళు ఎవరైనా చూస్తే?"

ఈ దేశంలో 2023లో నూటికి 13.5 ఇళ్ళు, అంటే సుమారు 1 కోటి 80 లక్షల ఇళ్ళు తిండికి ఇబ్బంది పడ్డాయని వ్యవసాయ శాఖ లెక్క. 2025లో ప్రభుత్వం మూతపడి నవంబరు నెల స్నాప్ డబ్బులు ఆగినప్పుడు 4 కోట్ల 20 లక్షల మంది చిక్కుల్లో పడ్డారు. జీతం రాని ఫెడరల్ ఉద్యోగులు కూడా ఫుడ్ బ్యాంకుల ముందు లైన్లలో నిలబడ్డారు. వాళ్ళు నిలబడగా లేనిది మనకెందుకు నామోషీ?

ఎందుకంటే మన సమాజంలో అమెరికా అంటే డాలర్లే. హెచ్-1బి ఉద్యోగం పోతే మరో ఉద్యోగం చూసుకోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను, నెలకి కారు కిస్తీ. అయినా శనివారం పార్టీలో "బెంచ్ మీద ఉన్నాను" అని నవ్వుతూ చెప్పాలి. ఊర్లో చెల్లెలి పెళ్ళికి డబ్బు పంపాలి. మనం కట్టుకున్న ఈ గొప్పల గోడ వెనకాలే ఆ కుర్రాడు పస్తున్నాడు.

ఇందులో మన రాజకీయాలు కూడా ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పటి నుంచి, 2025లో తెలంగాణ రేషన్ షాపుల్లో సన్నబియ్యం మొదలయ్యేదాకా "ఉచితాలతో జనం సోమరిపోతులైపోయారు" అన్న మెసేజ్‌లు ఫార్వర్డ్ చేసింది మనమే. ఆ రేషన్ బియ్యం తిని, సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుని ఇక్కడికి వచ్చినవాళ్ళు మన సభ్యుల్లోనే ఎంతమంది! మన తాతల తరంలో వారాలు చేసుకుని, రోజుకొక ఇంట్లో తిని చదువుకున్నవాళ్ళని గర్వంగా చెప్పుకుంటాం కదా. అప్పుడు గౌరవం అయినది ఇప్పుడు నామోషీ ఎలా అయింది?

ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. వీసాకి డబ్బు చూపించి వచ్చి ప్యాంట్రీలో నిలబడటం ఏమిటని అడుగుతారు. 2024లో కెనడాలో ఉద్యోగం ఉన్న ఒక భారతీయ యువకుడు ఫుడ్ బ్యాంకుల్లో ఉచితంగా సరుకులు ఎలా తెచ్చుకోవాలో వీడియో పెట్టి విమర్శల పాలయ్యాడు. అది తప్పే. జీతం వస్తూ డబ్బు మిగుల్చుకోవడానికి అక్కడికి వెళ్తే మరొకరి నోటి దగ్గర కూడు తీసుకున్నట్టు. కానీ ఒకరి కక్కుర్తి చూపించి నిజంగా ఆకలితో ఉన్నవాడిని ఆపకూడదు. అవసరం ఉన్నప్పుడు తీసుకోండి, నిలదొక్కుకున్నాక తిరిగి ఇవ్వండి. అంతే లెక్క.

మన సంఘాలు ఏమీ చేయడం లేదని అనను. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు పదిహేను వందల మందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే, రోడ్డున పడ్డారు. 2019 జనవరిలో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను అరెస్టు చేశారు. అప్పుడు తెలుగు సంఘాలు కదిలాయి, లాయర్లను పెట్టాయి. ఎవరైనా చనిపోతే మృతదేహం ఇంటికి పంపడానికి ఒక్క రోజులో వేల డాలర్లు పోగు చేస్తాం. మంచిదే. కానీ బతికుండగా ఆ పిల్లవాడికి ఒక బియ్యం బస్తా ఎవరు ఇచ్చారు? టీవీలో వచ్చిన కష్టానికే కదులుతాం, నోరు విప్పని ఆకలి మన దాకా రాదు.

అందుకే మన ఫోరం సభ్యులందరికీ మూడు విన్నపాలు.

ఒకటి. ప్రతి నగరంలో ఒకరు బాధ్యత తీసుకుని తమ ఊరి ప్యాంట్రీలు, క్యాంపస్ ప్యాంట్రీలు, గురుద్వారాలు, అన్నదానం పెట్టే గుళ్ళు, అవి తెరిచే వేళలు తెలుగులో ఒక పేజీ రాయండి. ఇండియన్ గ్రోసరీ షాపులో, గుడిలో అతికించండి. ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగేలోపు అది సిద్ధంగా ఉండాలి.

రెండు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి తోడు వెళ్ళండి. కారు లేనివాళ్ళకి రైడ్ ఇవ్వండి. ఎవరిని తీసుకెళ్ళారో ఇంట్లో కూడా చెప్పకండి. ఫోటోలు వద్దు, ఫేస్‌బుక్ పోస్టులు అసలే వద్దు.

మూడు. నాయకులు వచ్చినప్పుడు శాలువాలకి, బాంక్వెట్లకి పెట్టే ఖర్చులో ఒక వంతు మీ ఊరి ఫుడ్ బ్యాంకుకి ఇవ్వండి. ఉగాదికి, బతుకమ్మకి మిగిలిపోయే భోజనాన్ని పారబోయకండి. మంచి మనసుతో స్వచ్ఛంద సంస్థకి ఆహారం ఇచ్చినవాళ్ళకి 1996 నుంచే చట్టపరమైన రక్షణ ఉంది. ముందురోజు ఫోన్ చేసి వండిన భోజనం తీసుకుంటారా అని అడిగితే చాలు.

ఆ కుర్రాడు మర్నాడు ప్యాంట్రీకి వెళ్ళాడు. బియ్యం, శనగలు, కోడిగుడ్లు తెచ్చుకున్నాడు. "అక్కడ మన తెలుగువాళ్ళు ఇంకో నలుగురు ఉన్నారన్నా. ఒకరినొకరు చూసి తల తిప్పుకున్నాం" అని చెప్పాడు.

మిత్రులారా, ఆ తలలు తిప్పుకోవాల్సిన పని లేకుండా చేద్దాం. మీ నగరం పేజీ రాయడానికి ఎవరు ముందుకొస్తారో ఈ వారమే మాకు తెలియజేయండి.

- సంపాదకవర్గం తరఫున