సైకాలజీ చదువుతానన్న పిల్ల



పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారము మా సోమందేపల్లెలో పాస్టరు ఇల్లు కాలేజీ ఆఫీసువలె ఉంటుంది. మార్కుల కాగితము పట్టుకొని తలిదండ్రులు వస్తారు. ఎంపీసీయా, బైపీసీయా, హిందూపురమా, అనంతపురమా, హాస్టలు ఫీజు ఎంత? ఇవే మాటలు. ప్రార్థన చేయించుకొని వెళ్తారు. ఆ విధముగానే ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘములోని ఒక అన్న తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయనకు నాలుగు ఎకరాల మెట్ట ఉంది, వేరుశనగ వేస్తాడు. 2022లో మా జిల్లా పేరు శ్రీ సత్యసాయి జిల్లా అని మారింది గాని వాన మారలేదు గనుక, ఆయన పరిస్థితి మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

"అయ్యగారూ, ఈ పాప సైకాలజీ సదువుతానంటాంది. అదేం సదువో మీరే జెప్పల్ల" అన్నాడు. వాళ్ల బావమరిది ఒకాయన ఐటిఐ చేయిస్తే ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో పని దొరుకుతుందని చెప్పాడట. వెనుక నిలబడిన అవ్వ మాత్రము కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "అది పిచ్చోళ్ల సదువంట గదయ్యా. రేపు దీన్ని ఎవురు చేసుకుంటారు?" అంది.

అవ్వను తప్పు పట్టలేము. మన ఊళ్లలో "సైకో" అన్నది ఒక తిట్టు. ఆ తిట్టుకు ఒక చదువు కూడ ఉందంటే ఎవరైనా భయపడతారు.

ఎందుకు చదవాలనుకుంటున్నావమ్మా అని పిల్లను అడిగాను. చాలాసేపు తల వంచుకొని నిలబడి, "మామకు ఏమైందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు అయ్యగారూ. నేనే తెలుసుకుంటాను" అంది.

ఆ మేనమామ సంగతి నాకు తెలుసు. దానిలో నా పాలు కూడ ఉంది. కొన్నేళ్ల క్రితము అతడు ఇంటర్ రెండవసారి తప్పాడు. మునుపు యౌవనుల కూటములో ముందు కూర్చొని పాడేవాడు, తరువాత వెనుక గోడకు ఆనుకొని కూర్చోవడము మొదలుపెట్టాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. ఇంట్లోవారు దయ్యమన్నారు. నేను దయ్యమనలేదు గాని అంతకంటె మేలైన మాట కూడ చెప్పలేదు. విశ్వాసము చాలదు, సోమరితనము మాను, ఉపవాసముండి ప్రార్థించు అన్నాను. అప్పటికే అన్నము మానిన పిల్లవాడికి ఉపవాసము చెప్పాను! ఒక రాత్రి అతడు ప్రాణము తీసుకోబోయాడు. దేవుడు బ్రతికించాడు. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఇతను నిద్రపోక ఎన్ని రోజులైంది?" అని అడిగింది. తల్లికి తెలియదు, అక్కకు తెలియదు, నాకు తెలియదు. ప్రార్థించినందుకు నేను చింతించడము లేదు. ప్రార్థనకు ముందు అడగవలసిన చిన్న ప్రశ్న అడగలేదే అని చింతిస్తున్నాను.

నా వేదాంత డిప్లొమాలో కౌన్సెలింగ్ ఒక పేపరు. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఏలీయా బదరీవృక్షము క్రింద పడుకొని చావు కోరిన సంగతి మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. దూత అతనిని గద్దించలేదు, ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు. ఈ మాట పులుపిటము మీద చెప్పాను గాని వెనుక గోడ దగ్గర చేయలేదు.

ఇక ఆ చదువు సంగతి. సైకాలజీ అంటే పిచ్చి గూర్చిన చదువు కాదు. జబ్బుల సంగతి అందులో ఒక పాఠము మాత్రమే. మిగిలినదంతా మనకు రోజూ జరిగేదే: ఎలా నేర్చుకుంటాము, ఎందుకు మరచిపోతాము, కోపము ఎలా వస్తుంది, నలుగురిలో ఉన్నప్పుడు మన తీరు ఎందుకు మారుతుంది. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థములేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకము వ్రాశాడు. నేర్చినదానిలో ఎక్కువ భాగము మొదటి రోజే జారిపోతుందనీ, ఎడమిచ్చి మరల మరల చదివితే నిలుస్తుందనీ తేల్చాడు. పరీక్షకు ముందు రాత్రి తెల్లవార్లు బట్టీపట్టించే తలిదండ్రులు దీనిని వినాలి.

ఇందులో ప్రయోగములు కూడ ఉంటాయి. వాటిలో ఒకటి మా సండేస్కూలులో చేసి చూశాము. ఒకరు అంకెలు వరుసగా చదవాలి, రెండవవారు విని అదే వరుసలో తిరిగి చెప్పాలి. నాలుగు అంకెలతో మొదలుపెట్టి ఒక్కొక్కటి పెంచుతూ పోవాలి. సామాన్యముగా మనిషికి ఏడు, ఒకటి రెండు అటు ఇటుగా నిలుస్తాయని అమెరికా శాస్త్రవేత్త జార్జి మిల్లర్ 1956లో వ్రాశాడు. మా పిల్లలలో చాలామంది ఏడు చెప్పారు. నేను ఆరు దగ్గర ఆగిపోయాను. పిల్లలు నవ్విన నవ్వు చర్చి బయటికి వినబడింది.

అయితే ఎక్కడ చదవాలి? మన ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షల పట్టికలో వృక్షశాస్త్రము, సివిక్స్ పేర్ల ప్రక్కన సైకాలజీ పేరు కూడ అచ్చయ్యేది. పట్టికలో ఉన్నది మన దగ్గరి కాలేజీలో ఉండాలని లేదు. మా చుట్టుప్రక్కల నేను విచారించినచోట ఎక్కడా దొరకలేదు. సీబీఎస్ఈ వారి 11, 12 తరగతులలో ఉంది, 70 మార్కులు వ్రాతకు, 30 ప్రయోగములకు. సరిహద్దు దాటితే కర్ణాటక పీయూసీలో ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాలయము ద్వారా ఇంటి దగ్గర ఉండి కూడ చదవవచ్చు.

తలిదండ్రులు గమనించవలసిన భేదము ఒకటి ఉంది. మందులు వ్రాసే మానసిక వైద్యుడు కావాలంటే ఎంబీబీఎస్ చదవాలి, దానికి బైపీసీయే దారి. మందులు వ్రాయక, పరీక్షించి, మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే డిగ్రీ, పీజీ, ఆపైన శిక్షణ పొంది, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. ఇంటర్‌లో రెండేళ్లు చదివి ఊరికి వైద్యము చేస్తానంటే అది ప్రమాదము. పిల్లకు ఈ మాట గట్టిగానే చెప్పాను.

మరి రెండేళ్ల చదువుతో లాభమేమి? ఇది నాది కాదు, అనంతపురానికి పొరుగునున్న బళ్లారి జిల్లా చెప్పిన జవాబు. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వారు ఆ జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మానసిక జబ్బుల గుర్తులు నేర్పారు. పెద్ద ఆసుపత్రికి రాలేని వారిని ఊరిలోనే గుర్తించగలిగారు. ఆ మాదిరితోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో మొదలైంది. గుర్తుపట్టేవాడు నిపుణుడే కానక్కరలేదు, నేర్చుకున్నవాడైతే చాలు. ఆనాడు వెనుక గోడ దగ్గర అటువంటివారు ఒక్కరుంటే!

ఉద్యోగము మాట అడిగిన అన్నకు ఇంకొక సంగతి చెప్పాను. విశాఖపట్నములో నీట్ శిక్షణ పొందుతున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి న్యాయము కొరకు సుప్రీంకోర్టు దాక వెళ్లాడు. 2025 జూలైలో ఆ కేసులోనే, నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరు గాని, సైకాలజిస్టు గాని, సామాజిక కార్యకర్త గాని ఒకరైనా ఉండాలని కోర్టు చెప్పింది. అంతమందిని ఎక్కడనుండి తెస్తారు? ఎవరో ఒకరి పిల్లలు చదవాలి గదా.

మీ ఇంట్లోనే ఎవరైనా నిద్ర మాని, తిండి మాని మూలన కూర్చొని ఉంటే, పిల్లలు చదివి వచ్చేదాక ఆగవద్దు. 14416కు ఫోను చేయండి. ఇది 2022లో మొదలైన టెలీ మానస్, రూపాయి ఖర్చు లేదు, రాత్రి పగలు తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణము తీసుకోబోయినవారిని పోలీసులు పట్టుకొని పోతారని దాచిపెట్టే కుటుంబములు ఇంకా ఉన్నాయి. 2017 చట్టము అటువంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూసి, శిక్ష కాదు, చికిత్స ఇవ్వమంటుంది.

చివరకు ఆ ఇంటివారు ఏమి చేశారంటే, దూరము పంపే స్తోమత లేక పాపను దగ్గరి కాలేజీలోనే చరిత్ర, ఆర్థికశాస్త్రము, సివిక్స్ గ్రూపులో చేర్చారు. డిగ్రీలో సైకాలజీ తీసుకుంటుంది, అందుకు ఇంటర్‌లో చదివి ఉండనక్కరలేదు. అంతవరకు నా పాత కౌన్సెలింగ్ పుస్తకము పట్టుకొని పోయింది. అది ఇంగ్లీషులో ఉంది, నాకే సరిగా అర్థము కాలేదు, చూద్దాము.

చేర్పించడానికి తీసుకొని వెళ్లింది ఆ మేనమామే. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు, పెండ్లయింది, మందులు డాక్టరు చెప్పినంత కాలము వాడి ఆపాడు. బయలుదేరే ముందు మా గేటు దగ్గర ఆటో నిలిపితే, పాప అతనికి అంకెల పరీక్ష పెట్టింది. నేను ప్రక్కన నిలబడి విన్నాను. ఎనిమిది చెప్పాడు.