చేతబడి కాదు, కుక్క పేగులోని పురుగు

రాయపూర్‌లో పండరీ అనగానే బట్టల మార్కెట్టు గుర్తొస్తుంది. జిల్లా ఆసుపత్రి ఉన్నదీ అక్కడే. అయితే ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఎందరో రోగులు ఆసుపత్రి కంటే ముందు బైగా అనే మంత్రవైద్యుడి గడప తొక్కుతారు. తగ్గని నొప్పికి అక్కడ వినిపించే కారణం ‘టోన్హీ’. మన ఊళ్లలో చేతబడి, బాణామతి అంటామే, అలాంటిది చేసే మంత్రగత్తె అని అర్థం. ఆ పేరు చెప్పి వేలు చూపేది తరచుగా ఒంటరి ఆడమనిషి వైపు, ఆసరా లేని ముసలమ్మ వైపు.

ఇలాంటి నమ్మకానికి ఎక్కడ చోటు దొరుకుతుందో ఒక రోగం చక్కగా చూపిస్తుంది. అదే ఎముకకు పట్టే హైడాటిడ్ వ్యాధి.

దీనికి మూలం ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు. అది కుక్క చిన్నపేగులో బతుకుతుంది. పొడవు 3 నుంచి 6 మిల్లీమీటర్లు. దాని గుడ్లు కుక్క మలంతో నేలమీద పడతాయి. గడ్డితో గొర్రె కడుపులోకి, కడగని ఆకుకూరతోనో కుక్కను నిమిరిన చేతితోనో మనిషి కడుపులోకి చేరతాయి. పిల్లపురుగు పేగు గోడను తొలుచుకుని రక్తంలో కలుస్తుంది. ఎక్కువగా కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో ఆగి నీటితిత్తిగా పెరుగుతుంది. నూటికి ఏ నలుగురిలోనో అంతకంటే తక్కువమందిలోనో ఎముకకు చేరుతుంది. అలా చేరినవాటిలో దాదాపు సగం వెన్నుపూసల్లోనే.

కాలేయంలోనైతే శరీరం ఆ తిత్తి చుట్టూ గట్టి పొర కడుతుంది. ఎముకలో ఆ పొర ఏర్పడదు. పురుగు చిన్నచిన్న బుడగలుగా చీలుతూ ఎముక గుల్లల్లోకి, మూలుగలోకి పాకిపోతుంది. ఏళ్ల తరబడి పైకి ఏమీ కనిపించదు. ఒకనాడు చిన్న దెబ్బకే తొడ ఎముక విరుగుతుంది. లేదా వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. ఎక్స్‌రేలో చూసి క్షయ అని పొరబడే అవకాశం కూడా ఉంది.

గుడ్డు ఒంట్లోకి పోయిన రోజుకూ ఎముక విరిగిన రోజుకూ నడుమ పదేళ్లు గడిచిపోవచ్చు. ఆనాడు నిమిరిన కుక్క ఎవరికి గుర్తుంటుంది? నిన్న నీళ్ల దగ్గర గొడవపడిన పొరుగామె మాత్రం గుర్తుంటుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే మంత్రగాడు కూర్చుంటాడు. అతను కట్టే తాయెత్తు ఎముకలోని పురుగును చేరదు. గుల్లబారిన ఎముకను పట్టి తోమితే, పసరు కట్టి గట్టిగా బిగిస్తే అది విరిగే ప్రమాదమే ఎక్కువ.

ఇది మనకు దూరపు రోగం కాదు. కర్నూలు ప్రాంతంలో ఈ వ్యాధి వ్యాప్తిపై జరిగిన అధ్యయనం 1968లోనే భారత వైద్య పరిశోధనా పత్రికలో అచ్చయింది. గొర్రెల మందలు, వాటి వెంట కుక్కలు, కోసినచోటే పారేసే కాలేయం, ఊపిరితిత్తులు: పురుగుకు కావలసిన దారి అంతా మన దగ్గర ఉంది. జాతరలో వేటను కోసి తిత్తులున్న ముక్కను కుక్కలకు వేస్తే, ఆ తిత్తిలోని పిల్లపురుగులు కుక్క పేగులో మళ్లీ పెరుగుతాయి; అది ప్రసాదం పంచినట్టు కాదు, పురుగుకు మళ్లీ జన్మనిచ్చినట్టు. ‘మేం మాంసం ముట్టం, మాకేం కాదు’ అనే ధీమా కూడా వట్టి భ్రమే. ఈ రోగం మనిషికి మాంసం వల్ల రాదు, గుడ్లు అంటిన కూరాకుతోనో చేతితోనో వస్తుంది. మడి దాన్ని ఆపదు. ఆపేది చేతులు కడుక్కోవడమే.

తెలిసిన కారణాన్ని తుంచవచ్చు. 1863లో ఐస్‌లాండ్‌లో డెన్మార్క్ శాస్త్రవేత్త హరాల్డ్ క్రాబె 100 కుక్కలను కోసి చూస్తే 28 కుక్కల్లో ఈ పురుగు కనిపించింది. ఆ తర్వాత అక్కడ పురుగు సంగతి వివరిస్తూ రాసిన చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ పంచారు. జంతువుల అవయవాలు కుక్కలకు అందకుండా చట్టాలు చేశారు. ఒకప్పుడు ఊరూరా ఉన్న ఆ రోగం ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశం నుంచి వెళ్లిపోయింది. అది పోయింది మంత్రంతో కాదు, చదువుతో.

రాయపూర్‌లోనూ ఆ చదువు చెప్పేవాళ్లున్నారు. కంటి వైద్యుడు డాక్టర్ దినేశ్ మిశ్ర ‘ఏ స్త్రీ టోన్హీ కాదు’ అంటూ ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. టోన్హీ వేధింపులను నేరంగా ప్రకటిస్తూ ఛత్తీస్‌గఢ్ 2005లో చట్టం తెచ్చింది. చట్టం చేతిని ఆపగలదు. మనసులోని అనుమానాన్ని తీసేది మాత్రం రోగానికి అసలు కారణం తెలియడమే.

తగ్గని ఎముక నొప్పికి తాయెత్తు కట్టకండి, ఎక్స్‌రే తీయించండి. ఆల్బెండజోల్ మాత్రలున్నాయి, శస్త్రచికిత్స ఉంది. ఎముకను పూర్తిగా బాగుచేయడం కష్టమే, అందుకే తొందరగా వెళ్లాలి. పెంపుడు కుక్కకు పశువైద్యుడి చేత పురుగుల మందు వేయించండి. కోసిన జంతువు అవయవాలను లోతుగా పాతిపెట్టండి. ఆకుకూరను నీళ్లు మార్చి కడగండి. పొరుగింటి ముసలమ్మను మాత్రం అనుమానించకండి. మీ ఎముకలో ఉన్నది ఆమె చూపు కాదు, ఒక పురుగు.