పురిటింట కొన్ని రక్తపు బొట్లు

శిశువు జన్మించిన యిల్లు పండుగ యిల్లు. ముస్లిముల యిండ్లలో ఏడవనాడు అఖీఖా, హిందువుల యిండ్లలో పదునొకండవనాడో యిరువది యొకటవనాడో బారసాల జరుపుట మన కోనసీమలోను ఆచారము. సరిగా ఆ దినములలోనే కొందరు శిశువులను కబళించు వ్యాధి యొకటి కలదు. దానిని గూర్చి విద్యార్థులకును, కళాశాల పాలకవర్గమునకును మా అభిప్రాయమును నివేదింపదలచితిమి.

మూత్రపిండములపై టోపీవలె అమరియుండునవి అడ్రినల్ గ్రంథులు. శరీరములో ఉప్పును నిలుపు హార్మోనును, జబ్బును తట్టుకొను శక్తి నిచ్చు హార్మోనును ఇవియే తయారుచేయును. పుట్టుకతోనే ఒక ఎంజైము లోపించినచో ఇవి తగ్గి, పురుష హార్మోనులు పెరుగును. అపుడు ఆడశిశువు జననాంగములు మగశిశువు వానివలె కనబడవచ్చును. సిగ్గుచే తల్లిదండ్రులు ఆ సంగతి దాచుదురు. మగశిశువునందు సాధారణముగా బయటికి ఏ లక్షణమును కానరాదు. వ్యాధి తీవ్రమైనచో మొదటి కొలది వారములలోనే శిశువు పాలు త్రాగక, వాంతులు చేసికొని, నీరసించి మరణించును. ఇంటివారు దిష్టి యందురు. ఇరుగుపొరుగు వారు విరేచనముల జబ్బందురు. పేరు తెలియని మరణము లెక్కకు రాదు. లెక్కకు రాని దానికై ఎవరును ఖర్చుపెట్టరు.

పరీక్ష కష్టమైనది కాదు. పుట్టిన రెండు మూడు దినములకు శిశువు మడమను సూదితో గ్రుచ్చి, కొన్ని రక్తపు బొట్లను వడపోత కాగితముపై ఆరనిచ్చి పరీక్షాశాలకు పంపిన చాలును. ఈ విధానము 1977లోనే వెలువడినది. వ్యాధి తేలినచో హైడ్రోకార్టిసోను, ఫ్లూడ్రోకార్టిసోను మాత్రలను, పసితనమున కొంత ఉప్పును వైద్యుడు చెప్పినట్లు ఇచ్చిన, బిడ్డ అందరివలె పెరిగి చదువుకొనగలదు. మాత్రలు మాత్రము మానరాదు.

అరుదైన వ్యాధికి ఇంత శ్రమ యేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితములలో సుమారు 2,600 మందికి ఒకరియందు ఈ వ్యాధి కానవచ్చినది. భారత వైద్య పరిశోధనా మండలి ఐదు నగరములలో లక్షకు పైగా శిశువులను పరీక్షింపగా 5,762 మందికి ఒకరని తేలినది. చెన్నైలో సుమారు 2,000 మందికి ఒకరు. ఇది ఉపేక్షింపదగిన సంఖ్య కాదు.

తల్లియందును తండ్రియందును లోపమున్న జన్యువు ఒక్కొక్కటి యున్నపుడు, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము. మేనరికములలో ఆ జన్యువు ఇరువురియందును ఉండు అవకాశము హెచ్చు. మేనరికము మన ప్రాంతమున ఏ ఒక్క మతమువారి ఆచారమును కాదు. కావున ఇందు ఒకరినొకరు నిందించుటకు తావులేదు. కోడలిని నిందించుటకు అసలే తావులేదు.

అయితే పరీక్ష మాత్రమే చాలదు. బాలింత ఆసుపత్రి విడుచులోపుననే శిశువు రక్తమును తీయవలెను. ఫలితము ఎంత మారుమూల లంకగ్రామమునకైనను త్వరగా అందవలెను. ఆలస్యమైనచో అది ప్రాణములు పోయిన పిదప వచ్చిన ఉత్తరము వంటిదే. నెలలు నిండని శిశువులలో పరీక్ష తప్పుగా చూపవచ్చును గనుక, మరల పరీక్షింపక తల్లిదండ్రులను భయపెట్టరాదు. కేరళ ప్రభుత్వము తన ఆసుపత్రులలో ఈ పరీక్షను ప్రవేశపెట్టినది. 2022లో ప్రత్యేక జిల్లాయైన కోనసీమలో అమలాపురము, రాజోలు, కొత్తపేట ఆసుపత్రులన్నిటను ప్రతి శిశువునకును ఇది ఉచితముగా అందవలెనని మా దృఢాభిప్రాయము.

పాలకవర్గము వారు ఇందులకై ప్రభుత్వమునకు వినతిపత్రము పంపి, ఉర్దూ తెలుగు భాషలలో కరపత్రము నొకటి ముద్రింపించిన మేలు. విద్యార్థినీ విద్యార్థులారా! మీ అక్క పురిటికి పుట్టింటికి వచ్చినపుడు, మడమ రక్తము తీసిరా యని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణమును నిలుపవచ్చును.