జపాను ఆటలు – మన అక్షరాలు

జపాను భాషలోని ఆటలను తన కంప్యూటరులో నడిపించుకొనడానికి రాత్రింబవళ్ళు శ్రమించే విద్యార్థిని చూచి పెద్దలు సాధారణంగా అనే మాట ఒక్కటే: "కాలహరణం!" ఆ మాటలో నిజం లేకపోలేదు. పరీక్షలు ముంచుకొని వచ్చే వేళ ఏ ఆటయైనా కాలహరణమే. అయితే ఆట ఆడడం వేరు, ఆ ఆట నడిచేటట్లు యంత్రాన్ని సిద్ధపరచడం వేరు. ఈ రెండవ పనిలో ఒక విద్య ఉన్నది. తెలుగు, ఉర్దూ భాషలు రెండింటి నీడలో చదువుకొనే మనకు ఆ విద్య మరింత అవసరమని నా అభిప్రాయం.

మన దేశంలో కొన్న కంప్యూటరులో పాత జపాను ఆటను ప్రవేశపెడితే తెరమీద తరచు కానవచ్చేవి ప్రశ్నార్థకాలు, అర్థంలేని గుర్తులు. ఒక్కొక్కప్పుడు ఫైలు కనబడలేదని చెప్పి ఆట అసలే ఆగిపోతుంది. దోషం ఆటలోనూ లేదు, యంత్రంలోనూ లేదు. కంప్యూటరుకు తెలిసినవి అంకెలు మాత్రమే. ఏ అంకె ఏ అక్షరానికి గుర్తు అన్నది మనుషులు చేసుకొన్న ఒడంబడిక. ఆట ఒక ఒడంబడిక ప్రకారం వ్రాయబడింది. యంత్రం మరొక ఒడంబడిక ప్రకారం చదువుతున్నది. ఈ అవస్థను జపానీయులు "మోజిబాకె" అంటారు. "మోజి" అంటే అక్షరం. రెండవ భాగం రూపం మార్చుకొనడమనే అర్థంగల క్రియ నుండి వచ్చింది. దయ్యాలు వేషం మార్చినప్పుడు వాడే మాట అదే.

ఈ చిక్కుకు మూలం జపాను లిపిలోనే ఉన్నది. ఒక్క బైటులో 256 గుర్తులకే చోటు. ఇంగ్లీషుకు అది చాలును. కాని జపాను భాషకు రెండు విధాల కానా అక్షరాలతోబాటు వేలకొలది కాంజీలు కావలెను. 1978లో వెలువడిన ఆ దేశపు ప్రమాణం 6,802 గుర్తులకు స్థానాలు నిర్ణయించింది. వాటిలో 6,349 కాంజీలే. ఆ అక్షరాలను రెండేసి బైట్లలో ఇమిడ్చే పద్ధతులలో షిఫ్ట్ జిస్ అనేది వ్యక్తిగత కంప్యూటర్లలో స్థిరపడింది. ఎన్.ఇ.సి. సంస్థ 1982లో ప్రారంభించిన పీసీ-9801 తరగతి యంత్రాలు కాంజీల ఆకారాలను ప్రత్యేకమైన చిప్పులలో దాచుకొన్నాయి. 1990లో ఐ.బి.ఎం. జపాను శాఖ తెచ్చిన డాస్/వి, అటువంటి చిప్పులు లేకుండానే సాఫ్ట్‌వేరు బలంతో కాంజీలను తెరమీదికి రప్పించింది. తమ లిపి యంత్రానికి ఒదగదని జపానీయులు లిపిని విడిచిపెట్టలేదు. యంత్రాన్నే లిపికి ఒదిగించుకొన్నారు.

ఇక ఆచరణ. విండోసులో ప్రాంతానికి సంబంధించిన అమరికలలో, యూనికోడు ఎరుగని ప్రోగ్రాములకు ఏ భాష వర్తించవలెనో చెప్పే చోటు ఒకటి ఉన్నది. అక్కడ జపనీస్ ఎన్నుకొని యంత్రాన్ని తిరిగి ప్రారంభించవలెను. అక్కడే కనిపించే యూటీఎఫ్-8 గడిని ఖాళీగా ఉంచవలెను. లేకున్న పాత ఆటలకు ఈ మార్పు పనిచేయదు. యంత్రమంతటినీ మార్చడం ఇష్టం లేనివారు లొకేల్ ఎమ్యులేటర్ వంటి సాధనంతో ఆ ఒక్క ఆటకే జపాను వాతావరణం కల్పించవచ్చు. జిప్ కట్టను విప్పేటప్పుడు కూడా జపాను సంకేతపద్ధతిని ఎన్నుకొనవలెను; లేనిచో ఫైళ్ళ పేర్లు చెడి, ఆట తన ఫైళ్ళను తానే గుర్తించలేదు. పీసీ-9801 నాటి ఆటలకు ఈ అమరిక చాలదు. ఆ యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటరు కావలెను.

ఇన్ని చేసిన తరువాత ఫోల్డర్ల పేర్ల నడుమ ఏటవాలు గీతకు బదులు యెన్ నాణెపు గుర్తు కనిపిస్తే కలవరపడనక్కరలేదు. 92వ అంకెను జపానీయులు తమ నాణేనికి కేటాయించుకొన్నారు. విచిత్రమేమంటే, కటకానాలోని "సో" అక్షరపు రెండవ బైటు కూడా 92వ అంకెయే. ఈ సంగతి ఎరుగని ప్రోగ్రాము ఆ అక్షరాన్ని నడుమకు విరిచి, సగాన్ని ఫోల్డరు హద్దుగా భావించి తప్పటడుగు వేస్తుంది. ఇంతటి సూక్ష్మాన్ని తరగతి పాఠంకన్న చక్కగా ఒక ఆట నేర్పుతున్నది.

"దీనితో మనకేమి పని?" అని కమిటీ పెద్దలు అడుగవచ్చు. మన ఇంటి సంగతి చూడండి. పాత ఫాంట్లతో టైపు చేసిన తెలుగు తెరమీద తెలుగువలె కనిపించినా, ఫైలులో నిలిచేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలే. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ వ్యాసం చెత్తకుప్ప. ఉర్దూలో యూనికోడు వాడినప్పుడు సైతం, అరబ్బీ "యే", ఉర్దూ "యే" పదం నడుమ ఒకే రూపంలో కనిపిస్తాయి గాని వాటి అంకెలు వేరు. ఒకదానితో వెదికితే రెండవది దొరకకపోవచ్చు. ఇవి మన మోజిబాకెలు.

జపాను ఆటకు దేశమంతటికీ తెలిసిన ఒడంబడిక ఉన్నది గనుక, ముప్పది ఏండ్ల నాటి ఆటకు కూడా ఒక అమరిక మార్చి అక్షరాలను తిరిగి రప్పించగలుగుతున్నాము. మన దేశంలో 1991లో ఇస్కీ ప్రమాణమైనా, అదే సంవత్సరం వెలువడిన యూనికోడు మొదటి సంపుటిలో తెలుగుకు స్థానం దక్కినా, అచ్చుపనిలో చిరకాలం రాజ్యమేలినవి ఎవరి ఫాంటు వారిది అనే పద్ధతులు. వాటిని చదివించే అమరిక విండోసు పట్టికలో ఎంత వెదికినా లేదు.

1917లో అనువాద సంస్థను నెలకొల్పి, మరుసటి సంవత్సరమే ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన హైదరాబాదు, ఆధునిక శాస్త్రాలకు దేశభాషలు చాలుననే విశ్వాసాన్ని ఆనాడే చాటింది. ఆ వారసత్వం గలవారము అక్షరాల అంకెల దగ్గర అశ్రద్ధ వహించడం తగదు.

కావున కమిటీవారికి నా విన్నపాలు మూడు. మొదటిది, ఈ సంచిక తెలుగు, ఉర్దూ విభాగాలు రెండూ యూనికోడులోనే టైపు కావలెను. అచ్చు ప్రతితోబాటు మూలఫైళ్ళు కూడా గ్రంథాలయంలో భద్రపడవలెను. రెండవది, పాత ఫాంట్లలోని రచనలను, ఆ ఫాంట్లు తెలిసినవారు అందుబాటులో ఉండగానే మార్పించవలెను; మార్పిడి ప్రోగ్రాములు చేసే తప్పులను దిద్దే పని భాషావిద్యార్థులకు అప్పగించవచ్చు. మూడవది, కంప్యూటరు ప్రయోగశాలలో ఒక పూట అక్షర సంకేతాల పాఠానికి కేటాయించి, సక్రమంగా కొన్న ఒక జపాను ఆటనే ఉదాహరణగా చూపవలెను.

విద్యార్థి మిత్రులారా! పరాయి భాషలోని ఆట కోసం మీరు చూపిన ఓపికలో నాలుగవ వంతు మన రెండు భాషలకు వెచ్చించండి. ఇరవై ఏండ్ల తరువాత ఈ కళాశాలలో చేరబోయే విద్యార్థి మీ వ్యాసాన్ని తెరిచినప్పుడు ప్రశ్నార్థకాలు గాక, మీరు వ్రాసిన మాటలే చదువుకొంటాడు.